మన సెంటు భూమికి ధర కట్టేదెవరు?

(కురిచేడులో కూలీలు, చిన్నరైతులు, చదువుకునే పిల్లలు కూర్చున్న సమావేశంలో మేం మాట్లాడిన మాటల పాఠం)



ఈ పూట భూమి ధర గురించి మాట్లాడదామని వచ్చాం. ఆ ధరను ఫోన్లో చూపించే సైట్ల గురించి, ఆ సైట్లను చూసి రియల్ ఎస్టేట్ బ్రోకర్లు ఏమనుకుంటున్నారో దాని గురించి చెబుతాం. "మనకి ఎకరం చెక్క ఉంటే గొప్ప, ఆ బ్రోకర్ల గోల మనకెందుకు?" అని పొద్దున్నే ఒక పెద్దాయన అడిగాడు. ఎందుకో ఈ రెండు సంగతులు వింటే మీకే తెలుస్తుంది.

మొదటిది. కొన్నాళ్ళ కిందట రైల్వే స్టేషను దగ్గర టీ తాగుతుంటే ఈ చుట్టుపక్కల భూములు కొనిపించే ఒక బ్రోకరు మా పక్కన కూర్చుని మొత్తుకున్నాడు. "ఏం చెప్పమంటావన్నా, ఈ ఫోన్లొచ్చి మా నోట్లో మట్టిగొట్టినయ్. ఇదివరకు రైతు దగ్గరికి పోతే ఎంతొస్తదయ్యా అని మమ్మల్నడిగేవోడు. ఇప్పుడు వాడే ఫోను తీసి మాకు చూపిస్తన్నాడు. ఒంగోల్లో ప్లాటు ధర చూసి ఇక్కడ చేను ధర లెక్క కడతన్నాడు. ఆ సైటోడికి మన మట్టి తెలుసా, మన నీళ్ళు తెలుసా?"

రెండోది. ఆ మాటన్న నెల తిరక్కముందే అదే మనిషి మన పల్లెలో భర్త పోయిన ఒక అక్క ఇంటికొచ్చాడు. ఆమెకు ఎకరం మెట్ట ఉంది. కూతురి పెళ్ళికి చేసిన అప్పు ఉంది. అతను ఫోను తీసి, "చూడమ్మా, నేను చెప్పేది కాదు, గవర్నమెంటు సైట్లోనే నీ నేలకు ఇంతే విలువుంది. నేను దానిమీద యాభై వేలు ఎక్కువ ఇప్పిస్తన్నా" అన్నాడు. ఆమెకు చదువు రాదు. ఫోన్లో అంకెలు మాత్రం కనపడ్డాయి. పదివేలు బయానా తీసుకుంది.

చూశారా? టీ కొట్టు దగ్గర ఫోను అబద్ధం. పల్లెలో అదే ఫోను వేదం. అమ్మేవాడికి ఎక్కువ చూపిస్తే సైటు తప్పు, తక్కువ చూపిస్తే సైటు ఒప్పు. ఈ వ్యవహారమంతటికీ ఇదే మూలం. మిగతాదంతా దీన్ని విప్పి చెప్పడమే.

ముందు ఈ సైట్లంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో 99 ఏకర్స్ 2005లో వచ్చింది. ఆ తర్వాతి ఏడు మ్యాజిక్ బ్రిక్స్ వచ్చింది. బ్రోకరు లేకుండానే ఇల్లు అద్దెకో కొనుక్కోడానికో చూసుకోండంటూ 2014లో బెంగుళూరులో నోబ్రోకర్ మొదలైంది. వీటిలో ఇళ్ళు, ఫ్లాట్లు, ప్లాట్లు, పొలాలు ఫొటోలతో, ధరలతో పెడతారు. కొన్ని సైట్లు ఇంకో అడుగు ముందుకేసి, మీ ఇల్లు ఫలానా చోట ఇన్ని అడుగులుంటే ఇంత ధర పలుకుతుందని లెక్కగట్టి చెబుతాయి.

ఆ లెక్క ఎట్లా కడతారు? చుట్టుపక్కల ఏ ఇల్లు ఎంతకు అమ్ముతామని పెట్టారో, ఎంతకు రిజిస్టరైందో పోగుచేసి, విస్తీర్ణాన్నీ రోడ్డునూ ఇంటి వయసునూ బట్టి అంచనా వేస్తారు. హైదరాబాదులో ఒకే అపార్టుమెంటులో వంద ఫ్లాట్లు ఒకే తీరున ఉంటాయి. వాటిలో పది అమ్ముడుపోతే పదకొండో దాని ధర చెప్పడం కష్టం కాదు. మన దగ్గర అట్లా కాదు. ఒక చేను సాగర్ కాలవ కింద ఉంటుంది. దాని పక్కదే మెరక మీదుండి చుక్క నీరెక్కదు. ఒక బోరులో నీళ్ళు పడతాయి, పక్క బోరులో దుమ్ము వస్తుంది. పడిన నీళ్ళలోనూ ఫ్లోరైడు. కంది వేసే చెక్కకూ మిరప వేసే చెక్కకూ ఒకే ధర ఉంటుందా? ఇవేవీ సైటు లెక్కలోకి రావు. కాబట్టి సైటోడికి మన మట్టి తెలియదని బ్రోకరు అన్నమాటలో నిజం ఉంది. ఆ నిజాన్ని మనం కాదనం.

అమెరికా సంగతి వినండి. అక్కడ జిల్లో అనే సైటు 2006 నుంచి ఇళ్ళకు ధరలు కట్టి అందరికీ ఊరికే చూపిస్తోంది. అక్కడి ఏజెంట్ల ఏడుపూ మన టీ కొట్టు ఏడుపు లాంటిదే. ఇల్లమ్మేవాళ్ళు ఆ అంకె పట్టుకుని వచ్చి దిగిరారని కొందరు, కొనేవాళ్ళు అదే పట్టుకుని ఎక్కిరారని కొందరు. ఆ కంపెనీ 2018లో ఇళ్ళు తనే కొని అమ్మే వ్యాపారంలోకి దిగింది. ధరలు ఎటు పోతాయో తన లెక్కలకే అంతుబట్టక, ఎక్కువ పెట్టి కొని, 2021 నవంబరులో ఆ వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించింది. ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తీసేస్తున్నామని కూడా చెప్పింది. అంత పెద్ద కంపెనీ లెక్కే తప్పినప్పుడు ఫోన్లో అంకె చూసి మన ఎకరం ధర ఇంతేనని తల ఊపుదామా?

అయితే బ్రోకర్ల కోపం అంతా సైటు తప్పు లెక్క మీదేనా? కాదు. అసలు కోపం వేరే. ఇన్నాళ్ళూ బ్రోకరు పెట్టుబడి డబ్బు కాదు, గుట్టు. అమ్మేవాడికి ఎంత అవసరముందో అతనికే తెలుసు. కొనేవాడు ఎంతదాకా ఎక్కగలడో అతనికే తెలుసు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోకుండా చూసుకుంటాడు. అమ్మేవాడితో ఆరు లక్షలకు ఒప్పందం, కొనేవాడితో ఎనిమిది లక్షలకు ఒప్పందం అనుకోండి. మధ్యలో రెండు లక్షలు అతనివి. అదిపోను రెండు పక్కలా కమీషను. ధర నలుగురికీ తెలిసిందంటే ఆ రెండు లక్షలకు ఎసరు. ఫోన్లొచ్చి నోట్లో మట్టిగొట్టాయంటే అర్థం అది.

అందరు బ్రోకర్లూ ఇట్లాంటివాళ్ళని మేం అనడం లేదు. మన పిల్లల్లోనే ఇద్దరు ముగ్గురు వేరే పని దొరక్క ఈ పనిలోకి పోయారు. ఎండలో తిరిగి, సర్వే రాళ్ళు చూపించి, ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు తెచ్చే మనిషికి కూలి దక్కాలి. "సైటు పొలాన్ని చూపిస్తది గానీ గట్టు తగాదాను చూపిస్తదా చిన్నాన్నా?" అని వాళ్ళలో ఒక పిల్లాడు అడిగాడు. న్యాయమే. దాచిపెట్టి తిన్న డబ్బు మాత్రం కూలి కాదు.

ఇంకో తమాషా చూడండి. బ్రోకర్లు తిట్టే ఆ సైట్లలో ప్రకటనలు పెట్టేది ఎక్కువగా ఎవరు? బ్రోకర్లూ బిల్డర్లే. సైటుకు డబ్బు కట్టి తమ ప్లాటు పైవరసలో కనపడేట్టు చేసుకుంటారు. కొందరైతే ఎప్పుడో అమ్ముడుపోయిన ప్లాటును తక్కువ ధరకు పెట్టే ఉంచుతారు. మనం ఫోను చేస్తే, "అది నిన్ననే పోయింది సార్, ఇంకోటి చూపిస్తా" అంటారు. వాళ్ళకు కావలసింది మన నంబరు. పైగా అక్కడుండేది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. సంతలో బర్రెకు లక్ష చెప్పినవాడు లక్షకే ఇస్తాడా?

ఇప్పుడు గవర్నమెంటు సైటు సంగతి. మన అక్కకు చూపించింది ఇదే. రిజిస్ట్రేషన్ శాఖ ప్రతి ఊరి భూమికీ, ఇళ్ళ స్థలాలకూ ఒక విలువ కడుతుంది. అది సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. రిజిస్ట్రేషను ఫీజులూ స్టాంపు సుంకమూ ఎంత కట్టాలో తేల్చడానికి పెట్టిన విలువ అది. అంతకన్నా తక్కువకు రాస్తే సుంకం ఎగ్గొడుతున్నారని ప్రభుత్వం పెట్టుకున్న కాపలా. అప్పుడప్పుడు సవరిస్తారు. 2025 ఫిబ్రవరి 1 నుంచి కూడా సవరించారు. అది బజారు ధర కాదు. చాలాచోట్ల బజారు ధర దానికన్నా బాగా ఎక్కువ ఉంటుంది. "గవర్నమెంటు విలువ మీద యాభై వేలు ఎక్కువ" అనేది దయ కాదు, మోసం.

ఇక్కడ మనం కూడా ఒక తప్పు చేస్తున్నాం. ఎనిమిది లక్షలకు కొని మూడు లక్షలకు కొన్నట్టు రాయించుకుంటాం. ఖర్చు మిగిలిందని సంబరపడతాం. రేపు కాలవకో, రోడ్డుకో, రైలు మార్గానికో భూమి తీసుకున్నారనుకోండి. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోతున్నది మీకు తెలుసు. 2013 భూసేకరణ చట్టంలో 26వ సెక్షను ఉంది. భూమి ధర తేల్చేటప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ విలువనూ, చుట్టుపక్కల అమ్మకం దస్తావేజుల్లోని ధరల సగటునూ చూసి ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోవాలంటుంది. దస్తావేజులన్నిట్లో అబద్ధపు తక్కువ ధరే ఉంటే సగటు ఎక్కడినుంచి పెరుగుతుంది? పెద్ద రైతు లాయర్ని పెట్టి కోర్టులో పెంచుకుంటాడు. దెబ్బ తగిలేది అరెకరం వాడికి.

ఇక దొనకొండ. మన పక్క మండలం. బ్రిటిషు వాళ్ళ కాలం నాటి విమానాల మైదానం అక్కడుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండేనని పుకారు లేచింది. ఎక్కడెక్కడివాళ్ళో కార్లేసుకుని వచ్చారు. కురిచేడు దాకా చేలకు ధరలు ఎగిరాయి. 2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ ప్రాంతంలో అని అసెంబ్లీలో ప్రకటించగానే కార్లు మాయం. మళ్ళీ 2019 ఆగస్టులో అదే పుకారు, అవే కార్లు. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాటొచ్చింది. వాటిలోనూ దొనకొండ లేదు. రెండుసార్లూ ఫోన్లలో ప్రకటనలు మోగిపోయాయి. రెండుసార్లూ ముందు కొని ముందు అమ్ముకున్నవాడు బాగుపడ్డాడు. చివర కొన్నవాడు మునిగాడు. మరి మనవాళ్ళో? ప్రభుత్వమిచ్చిన డీ పట్టా భూములు తెల్ల కాగితం మీద, నోటరీ మీద రాసిచ్చి బయానా పుచ్చుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళ చేతికొచ్చింది ఎంతో, ఆ కాగితం చేతులు మారి మారి పలికింది ఎంతో మనకు తెలుసు.

డీ పట్టా భూమి గురించి ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. ఒకటి, 1977 నాటి అసైన్డు భూముల చట్టం ప్రకారం పేదలకిచ్చిన ఆ భూమి అమ్మకం చెల్లదు. కొన్నవాడికి హక్కు రాదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుని మళ్ళీ అసలు పట్టాదారుకే ఇవ్వవచ్చు. రెండు, ప్రభుత్వమే ఆ భూమిని తీసుకుంటే, పట్టా భూమికిచ్చినట్టే పరిహారమివ్వాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. "డీ పట్టాకు విలువేముంది, ఎంతొస్తే అంత తీసుకో" అనే బ్రోకరుకు చెప్పాల్సిన జవాబు ఈ తీర్పు. మూడు, 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డు భూములను అసలు పట్టాదారులు, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అందులో అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలనకు పెట్టారు. కాబట్టి మీ సర్వే నంబరు ఇవాళ ఏ స్థితిలో ఉందో చూసుకోకుండా ఎవరి మాటా నమ్మొద్దు. నాలుగు, జీపీఏ మీద, అగ్రిమెంటు మీద భూమి హక్కు మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీరు సంతకం పెట్టిన కాగితం పట్టుకుని మీమీదే కేసు వేస్తారు. ఏళ్ళ తరబడి తిప్పుతారు.

ఏ సైటులోనూ లేని ఇంకో లెక్క ఉంది. అది కులం లెక్క. ఫోన్లో రోడ్డు వెడల్పుకు గడి ఉంది, తూర్పు ముఖమా పడమర ముఖమా అనే గడి ఉంది. కులానికి గడి లేదు. కానీ మాదిగపల్లె పక్క స్థలమంటే ధర తగ్గించి అడుగుతారు. "పల్లె పక్కనే గదా, ఎవరు కొంటారు?" అంటారు. కొన్నాళ్ళకు అక్కడే రోడ్డు పడితే మనల్నే లేచిపొమ్మంటారు. మన పిల్లలు చదువుకుని హైదరాబాదు పోయి సైట్లో అద్దె ఇల్లు చూసుకుంటే, కొన్నిటి మీద "శాకాహారులకు మాత్రమే" అని ఉంటుంది. అది లేనిచోట ఫోనులో, "ఏవిట్లండీ మీరు?" అని అడుగుతారు. అక్కడ ఒక ఏజెంటు మన పిల్లాడితో పచ్చిగానే చెప్పాడంట. "సైటు ఇంటిని చూపిస్తది బాబూ, ఓనరు మనసు మేం చూపిస్తాం. అందుకే మా పని పోదు." సైట్లొచ్చినా ఏజెంట్లు ధైర్యంగా ఉండడానికి ఇదొక కారణం. అడగకూడని ప్రశ్న ఓనరు తరపున అడిగిపెట్టడం కూడా వాళ్ళ పనుల్లో ఒకటైపోయింది. 1985 జూలైలో కారంచేడు మారణకాండ తర్వాత మనవాళ్ళు ఊరొదిలి చీరాల పోయారు. వదిలొచ్చిన ఆ ఇళ్ళకు ఏ సైటు ధర కడుతుంది?

అందుకని సైట్లు మనకొద్దని మేం అనడం లేదు. ఇన్నాళ్ళూ ధర కరణం దగ్గరా, మోతుబరి అరుగు మీదా, బ్రోకరు చెవిలోనూ ఉండేది. ఇప్పుడు దానిలో కొంత భాగం పదో తరగతి చదివిన మన ఆడపిల్ల చేతిలోకొచ్చింది. అది చిన్న సంగతి కాదు. దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి. నమ్మడం మాత్రం నేర్చుకోవద్దు.

ఏం చేయాలో చెప్పి ముగిస్తాం.

భూమి అమ్మాల్సిన అవసరమొస్తే ముందు మీభూమిలో అడంగల్, వన్ బి చూడండి. పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో నిషేధిత భూముల జాబితా ఉంది. 22ఏ జాబితా అంటారు. మీ సర్వే నంబరు అందులో ఉందేమో చూడండి. ఈసీ తీయించండి.

ధర ఒక్కచోట అడగొద్దు. ప్రభుత్వ విలువ ఒకటి రాసుకోండి. సైట్లో అడిగే ధర ఒకటి రాసుకోండి. మీ చేను చుట్టూ ఈ రెండేళ్ళలో అమ్ముకున్నవాళ్ళ ఇంటికి పోయి నిజంగా చేతికొచ్చింది ఎంతో అడిగి అదొకటి రాసుకోండి. మూడోదే అసలు ధర. అది ఏ ఫోన్లోనూ లేదు, మన నోళ్ళలో ఉంది. సిగ్గుపడి దాచుకుంటే బ్రోకరుకే లాభం.

సెంట్లు, గజాల లెక్క పిల్లలతో వేయించండి. ఎకరం అంటే వంద సెంట్లు, సెంటు అంటే 48.4 గజాలు, ఎకరానికి 4840 గజాలు. లెక్క కోసం ఎకరం పది లక్షలనుకోండి. గజం రెండువందల ఏడు రూపాయలు పడుతుంది. వెంచరు వేసినవాడు రోడ్లకూ ఖాళీ స్థలాలకూ నూటికి నలభై వంతులు వదిలాడనుకున్నా 2904 గజాలు మిగులుతాయి. గజం మూడు వేలకు అమ్మితే ఎనభై ఏడు లక్షల పైమాట. కంకరకూ కాలవకూ కరెంటు స్తంభాలకూ ఖర్చు తీసేయండి. అయినా మన పది ఎక్కడ, అతని ఎనభై ఏడు ఎక్కడ? రోడ్డు పక్క చేను ఎకరాల లెక్కన అడిగితే గజాల్లో ఆలోచించండి.

2016 నాటి రెరా చట్టం ప్రకారం, రిజిస్టరు కావలసిన వెంచర్లో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రెరాలో నమోదు కావాలి. నమోదు నంబరు అడగండి. ఉత్త చేను అమ్మిపెట్టే బ్రోకరుకు ఆ పట్టింపు లేదు. అందుకని అతను చెప్పే కమీషను ఎంతో ముందే నలుగురిలో మాట్లాడండి. కొనేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టకపోతే బేరం లేదనండి. ఒంటరిగా సంతకం పెట్టొద్దు. ఇంటి ఆడవాళ్ళకు తెలియకుండా అసలే పెట్టొద్దు.

మన అక్క సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. బయానా తీసుకున్న వారానికి ఆమె మేనకోడలు ఈ లెక్కలన్నీ వేసింది. రెండు చేల అవతల అమ్ముకున్నవాళ్ళ ఇంటికి పోయి అడిగింది. అక్కకు చెప్పిన ధరకు అది దాదాపు రెట్టింపు. పల్లెలో పదిమందిమి కూర్చుని తలా కొంత వేసి పదివేలు పోగుచేసి బయానా తిరిగిచ్చాం. అతను కేకలేశాడు. "మాట తప్పే జాతి" అన్నాడు. ఆ మాట అందరం విన్నాం, అక్కడే నిలదీశాం, కాగితం వెనక్కి తీసుకున్నాం. అప్పు ఇంకా తీరలేదు. చేను కౌలుకిచ్చింది. తీరకపోతే రేపు అమ్మాల్సిందే కావచ్చు. అమ్మినా ఆ ధర ఆమె నోటితో చెబుతుంది.

ఊరికొక పుస్తకం పెడదాం. ఎవరు ఎంతకు అమ్మారో, చేతికి ఎంతొచ్చిందో, బ్రోకరుకు ఎంత పోయిందో ఆ పుస్తకంలో రాద్దాం. కురిచేడు మండలంలో ప్రతి పల్లెలోనూ చదువుకున్న ఒక్క ఆడపిల్ల, ఒక్క పిల్లాడు ఈ పని మీదేసుకుంటే చాలు. ఎవరు మీదేసుకుంటారో ఈ సమావేశం లేవకముందే పేర్లివ్వండి.

జై భీమ్.